కప్పున వ్రేలాడు దీపము - సరకుకు, మనిషికి అది చేయు నష్టము

మీరు ఆరుగాలము శ్రమించి పండించిన పంటకు ధర నిర్ణయమగునది పొలములో కాదు, మార్కెట్ షెడ్డులో. అదియు తరచు తెల్లవారక మునుపే. కూరగాయల బండ్లు రాత్రి ఊరిలో బయలుదేరి, కోడి కూయు వేళకు సికింద్రాబాద్ బోయినపల్లి వంటి టోకు మార్కెట్లకు చేరును. బస్తాలు దించుట, గుట్టలు పోయుట, బేరము, కాటా, తక్‌పట్టీ వ్రాయుట అన్నియు చాలవరకు దీపపు వెలుగులోనే జరుగును. ఆ వేళ కొనువాని కంటికి మీ సరకును చూపునది సూర్యుడు కాడు. ఇరువది, ముప్పది అడుగుల ఎత్తున కప్పునుండి వ్రేలాడు దీపము. అది సరిగా చూపనిచో మంచి సరకు నాసిరకముగా తోచును, నాసిరకము మంచిదిగా చెల్లును. కాటా ముల్లు నీడలో పడును. హమాలీ కాలు తడబడును.

దీపము వెలుగుచున్నది గదా, ఇంకేమి కావలెనని మనము సామాన్యముగా అనుకొందుము. కాని వెలుగుచున్న దీపమంతయు పనికి వచ్చు వెలుగు నీయదు. పెద్ద షెడ్లలో, గిడ్డంగులలో, మిల్లులలో చిరకాలముగా వాడుకలోనున్న ఎత్తు దీపముల పద్ధతిలో గల లోపములెవ్వి, వానిని తక్కువ ఖర్చుతో ఎట్లు సరిదిద్దుకొనవచ్చునో ఈ వ్యాసములో వివరింతుము.

పెద్ద కప్పుల పట్టణము

సికింద్రాబాద్ పెద్ద కప్పుల పట్టణము. 1874లో వాడి నుండి రైలుమార్గము ఇచ్చటికి వచ్చిన పిమ్మట సరకుల గోదాములు పెరిగినవి. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వెలసినది. మోండా మార్కెట్ ఈ పట్టణపు పాత అంగడి. బోయినపల్లిలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కూరగాయల మార్కెట్ నేడు జంటనగరములకు ముఖ్యమైన టోకు కేంద్రము. ఇట్టి పట్టణములలో పుట్టిన ఎత్తు కప్పుల అలవాటే జిల్లాలకు, మండలములకు ప్రాకినది. నేడు మీ సహకార సంఘపు గిడ్డంగి, రైస్ మిల్లు, ప్రత్తి జిన్నింగు మిల్లు, శీతల గిడ్డంగి, ధాన్యపు షెడ్డు అన్నియు ఇంచుమించు ఒకే తీరున కట్టబడుచున్నవి. ఇనుప ట్రస్సులు, పైన రేకులు, ట్రస్సుల మధ్య వరుసగా గంటవంటి మూతలలో దీపములు. కావున ఈ విషయము పట్టణపు వారికి ఎంతో గ్రామమునకును అంతే.

వెలుగుకు కొలత

ధాన్యమునకు కిలో ఉన్నట్లే వెలుగుకును కొలత గలదు. ఒక స్థలమున పడు వెలుగును లక్సులలో కొలుతురు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇంచుమించు లక్ష లక్సులుండును. మబ్బు పట్టిన పగటిపూటకూడ ఆరుబయట వేల లక్సులుండును. నిండు పున్నమి వెన్నెల ఒక లక్సులో నాల్గవ వంతు మాత్రమే. బస్తాలు పేర్చు గిడ్డంగికి 100 లక్సుల ప్రాంతము చాలును. కాయ ఏరుటకు, గ్రేడు చేయుటకు 500 లక్సులు, అంతకు పైన కావలెను. లోపలి వెలుగును గూర్చి భారతీయ ప్రమాణముల సంస్థ ఐ.ఎస్. 3646 అను ప్రమాణమును వెలువరించినది. మార్కెట్ కమిటీలు క్రొత్త షెడ్డు కట్టునపుడు ఇంజనీరును ఈ ప్రమాణము ప్రకారము లెక్క కట్టుమని అడుగవచ్చును.

మొదటి లోపము: ఎత్తు

దీపము దూరమైన కొలది వెలుగు దూరముతో పాటు తగ్గుననుకొనుట పొరపాటు. అంతకంటె వేగముగా తగ్గును. ఒకే దీపమును 10 అడుగుల ఎత్తునుండి 20 అడుగులకు మార్చినచో దాని సూటి క్రింద నేలపై పడు వెలుగు సగము కాదు, నాల్గవ వంతగును. 30 అడుగులకు మార్చినచో తొమ్మిదవ వంతగును. షెడ్డులో దీపములు అనేకముండుటచేతను, పై మూతలు వెలుగును క్రిందికి మరల్చుటచేతను లెక్క ఇంత కచ్చితముగా నుండకపోవచ్చును గాని, దారి ఇదే. ఎత్తున కట్టిన దీపము పని బల్లకంటె గాలికి, గోడలకు, ఖాళీ నేలకు ఎక్కువ వెలుగు పంచును. మనకు కావలసినది కాటా దగ్గర వెలుగు. మనము డబ్బు చెల్లించునది షెడ్డు మొత్తమునకు.

రెండవ లోపము: నీడ

పైనుండి పడు వెలుగు బస్తాల లాటుపై భాగమును మాత్రమే చూపును. బస్తాల ప్రక్కలు, లాటుకు లాటుకు మధ్యనున్న సందులు చీకటిగనే యుండును. బస్తా మీది గుర్తు, చీటీ, తేమ మరక, చెదల బాట, ఎలుక కన్నము అన్నియు ప్రక్కలనే యుండును గాని నెత్తిన ఉండవు. దీపములు బిగించునాడు గిడ్డంగి ఖాళీగా నుండును. నిండిన తరువాత లాట్లు ఎక్కడ నిలుచునో ఎవరును ఆలోచింపరు. తుదకు దీపము లాటు నడినెత్తిన, నడవ చీకటిలో మిగులును. పని చేయువాడు దీపమునకు వీపు పెట్టి వంగినపుడు అతని తల నీడ అతని చేతులపైననే పడును. కాటా చదువువానికి, కుట్టు మిషనుతో బస్తా మూతి కుట్టువానికి ఈ బాధ నిత్యానుభవము.

మూడవ లోపము: కండ్లు చెదరుట

చీకటి కప్పు, దాని నడుమ కండ్లు మిరుమిట్లు గొలుపు దీపము. బస్తా నెత్తిన పెట్టుకొని నిచ్చెన పలక ఎక్కు హమాలీ తల ఎత్తక తప్పదు. ఒక్క క్షణము ఆ దీపమును చూచిన కంటికి వెంటనే చీకటి సందులోని మెట్టు కానరాదు. వయస్సు మీరినవారికి, కంటిలో పొర కలవారికి ఈ ఇబ్బంది మరింత హెచ్చు. వెలుగు చాలకపోవుట ఎంత దోషమో, తప్పు చోటనుండి కంటిలో పడుట అంత దోషమే. ఈ సంగతి చట్టము చేసినవారికి ముందే తెలియును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 17వ సెక్షను పని స్థలమున చాలినంత వెలుగుండవలెననియు, కిటికీల అద్దములను లోపలను వెలుపలను శుభ్రముగా నుంచవలెననియు, కంటికి శ్రమ కలిగించు లేక ప్రమాదమునకు దారి తీయు మిరుమిట్లను, నీడలను నివారింపవలెననియు విధించినది. వెలుగు ఎంత అనుటతో ఆగక, ఎట్టిది అనుటను గూర్చి కూడ అది పట్టించుకొన్నది.

నాల్గవ లోపము: రంగు చెడుట

రైతునకు నేరుగా డబ్బు నష్టము తెచ్చునది ఇదే. ఎర్రని వస్తువు ఎర్రగా కన్పించుటకు దానిపై పడు వెలుగులో ఎరుపు ఉండవలెను. పాత పాదరసపు ఆవిరి దీపములలో ఎరుపు చాల తక్కువ. దాని క్రింద పండు మిరపకాయ, టమాట మట్టి రంగున కన్పట్టును. పసుపుపచ్చని సోడియం దీపము క్రింద ఆకుకూర వాడినట్లు తోచును. తెల్ల ఉల్లికి, పసుపు కొమ్ముకు రంగు భేదము తగ్గిపోవును. ఎండవెలుగును 100గా పెట్టుకొని దీపముల రంగు గుణమునకు అంకెలు వేయుదురు. మార్కెట్లలో వాడుకయైన అధిక పీడన సోడియం దీపమునకు వచ్చునది ఇంచుమించు 25. మంచి ఎల్.ఇ.డి. దీపమునకు 80, అంతకు పైనను వచ్చును.

తాలు కాయకు, మేలు కాయకు భేదము రంగులోనే ఉన్నది గదా! రంగు చూపని దీపము క్రింద రెండును ఒకటే. అట్టి చోట కొనువాడు సందేహమునకు ధర తగ్గించును. ఆ తగ్గింపు మేలు కాయ తెచ్చినవాని నెత్తిన పడును. దీనికి ఎదురు మోసమును గలదు. ఎర్ర టార్పాలిను క్రింద పోసిన టమాట పచ్చిదైనను దోరగా తోచును. కావున వెలుగు నిజాయితీగా నుండుట అమ్మువానికి, కొనువానికి ఇరువురకును మేలు.

ఐదవ లోపము: ఆరిన దీపము వెంటనే వెలుగదు

పాదరసపు, సోడియం, మెటల్ హాలైడ్ దీపములు మీట నొక్కగనే పూర్తిగా వెలుగవు. కొన్ని నిమిషములు పట్టును. కరెంటు ఒక్క క్షణము పోయి వచ్చినను పాదరసపు, మెటల్ హాలైడ్ దీపములు చల్లబడువరకు మరల అంటుకొనవు. ఇందుకు ఐదు నుండి పదిహేను నిమిషములు కావచ్చును. నడి బేరములో, బస్తాలు మోయుచుండగా, మిల్లు బెల్టు తిరుగుచుండగా అంత సేపు చీకటి! కరెంటు తరచు తొట్రుపడు పల్లెలలో ఈ లోపము పట్టణమున కంటె హెచ్చుగా బాధించును.

ఆరవ లోపము: తిరుగు చక్రము నిలిచినట్లు కన్పడుట

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కలది. పాత చోకు దీపములు సెకనుకు 100 మార్లు హెచ్చి తగ్గుచుండును. కంటికి అది తెలియదు. కాని ఒకానొక వేగముతో తిరుగు చక్రము ఈ మిణుకుతో సరిపడినపుడు నిలిచియున్నట్లో, వెనుకకు తిరుగుచున్నట్లో భ్రమ కలుగును. రైస్ మిల్లులో, జిన్నింగులో, రంపపు మిల్లులో ఆగినదని చేయి పెట్టినవాని గతి చెప్పనక్కరలేదు. దీపముల నన్నిటిని ఒకే ఫేజుపై గాక మూడు ఫేజులపై పంచి వేసినచో ఒకటి తగ్గునపుడు మరొకటి వెలిగి ఈ భ్రమ చాలవరకు తొలగును. యంత్రముల దగ్గర దీపములు బిగించునపుడు ఎలక్ట్రీషియనుతో ఈ మాట తప్పక చెప్పవలెను.

ఏడవ లోపము: వేడి, నిప్పు, పురుగు

దీపము త్రాగు కరెంటు తుదకు వేడిగనే మారును. రేకుల కప్పు క్రింద వేసవిలో ఈ వేడి పనివారిని బాధించును. శీతల గిడ్డంగిలో నష్టము రెండింతలు: దీపమునకు ఒకమారు బిల్లు, అది పుట్టించిన వేడిని వెలుపలికి తోయుటకు కంప్రెసరుకు మరియొక బిల్లు. మిర్చి శీతల గిడ్డంగులవారు దీనిని లెక్కలోనికి తీసికొనవలెను. ప్రత్తి, గోనె, గడ్డి నిలువచేయు చోట మూత లేని వేడి దీపము నిప్పు ప్రమాదము. లాటు పెరిగి పెరిగి దీపమును తాకునంత ఎత్తునకు పోవుటయు కలదు.

పురుగుల సంగతి మీకు చెప్పనక్కరలేదు. చేలలో రెక్కల పురుగులను పట్టుటకు మీరు దీపపు ఎరలు పెట్టుదురు. పాదరసపు ఆవిరి దీపపు వెలుగు ఈ పనికి పేరు పొందినది. అదే దీపమును గిడ్డంగి ద్వారము నెత్తిన వ్రేలాడదీసిన పురుగును పిలిచి లోనికి పంపినట్లే గదా! మరియొక మాట. ఎడతెగని వెలుగు క్రింద ఉంచిన ఆలుగడ్డ పచ్చబడును, చేదెక్కును, తినుటకు పనికిరాదు. ఆలుగడ్డ ఉంచు చోట పని లేనపుడు దీపము ఆర్పవలెను.

ఎనిమిదవ లోపము: దుమ్ము, నిచ్చెన

తవుడు, ఊక, ప్రత్తి నూగు ఎగురు చోట కొద్ది మాసములలో దీపముపై పొర కట్టును. వెలుగు మూడవ వంతు వరకు తగ్గిపోవచ్చును. కరెంటు మాత్రము ఒక్క యూనిట్ కూడ తగ్గదు. పాత పాదరసపు దీపము ముసలిదై మసకబారినను వెలుగుచునే యుండును. కావున దానిని మార్చవలెనని ఎవరికిని తోచదు. ముప్పది అడుగుల ఎత్తున తుడువవలెనన్న పొడుగు నిచ్చెన, ఇద్దరు మనుష్యులు, పని ఆపుట, పడుదుమను భయము. అందుచే ఆరినవి ఆరినట్లే నెలల తరబడి ఉండును. చేతికి అందని దీపము నానాటికి చీకటికి దగ్గరగును.

కరెంటు లెక్క

ఒక షెడ్డులో 400 వాట్ల పాదరసపు దీపములు పది ఉన్నవనుకొందము. చోకు త్రాగునది కలుపుకొని ఒక్కొక్కటి 430 వాట్లు తీసికొనుననుకొనిన, రాత్రికి 10 గంటలు వెలిగినచో 43 యూనిట్లగును. ఇంచుమించు అంతే ఉపయోగపు వెలుగును 150 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు పది ఇచ్చును. అవి 15 యూనిట్లు త్రాగును. మిగులు 28 యూనిట్లు. ఏడాదికి 300 రాత్రులకు 8,400 యూనిట్లు.

ఈ 28 యూనిట్ల విలువ బోయినపల్లి అనుభవముతో చూచిన బాగుగా తెలియును. ఆ మార్కెట్టులో కుళ్ళిన, మిగిలిన కూరగాయల నుండి వాయువు తీసి కరెంటు పుట్టించు ప్లాంటు నెలకొల్పబడినది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఇందుకు పద్ధతిని సమకూర్చినది. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో దీనిని ప్రస్తావించుటచే దేశమంతటికి తెలిసినది. దినమునకు 10 టన్నుల వ్యర్థము నుండి ఇంచుమించు 500 యూనిట్లు వచ్చునని అప్పుడు ప్రకటించిరి. ఆ కరెంటు మార్కెట్టు దీపములకు, కార్యాలయమునకు, నీటి సరఫరాకు వాడబడినది. ఈ లెక్కన ఒక్క యూనిట్ పుట్టించుటకు 20 కిలోల వ్యర్థము కావలెను. అనగా పాత దీపములు పది ప్రతి రాత్రి ఊరక త్రాగు 28 యూనిట్లకు 560 కిలోల కూరగాయల చెత్తను ఊడ్చి, మోసి, నూరి, పులియబెట్టవలెను. కరెంటు పుట్టించుట గొప్ప. పుట్టిన దానిని వృథా చేయకుండుట అంతకంటె సులభము.

ఏమి చేయవలెను?

మొదట పగటి వెలుగును వాడుకొనుడు. అది ఉచితము, రంగును కల్ల చేయదు. కప్పు రేకులలో అక్కడక్కడ వెలుగు చొచ్చు పలకలు వేయించిన పగలు దీపము అక్కరలేదు. పూర్వపు నేత మిల్లులు కొన్నింటిలో కప్పును రంపపు పళ్ళవలె కట్టి, అద్దములను ఉత్తరమునకు పెట్టుటలో అర్థమిదే: ఎండ పడదు, వెలుగు పడును. సికింద్రాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశము దాటి యుండుటచే మే రెండవ వారము నుండి జూలై కడ వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. ఆ దినములకు అద్దములపై చిన్న చూరు నిలుపుట మంచిది. గోడలకు, కప్పు లోపలి వైపునకు సున్నము వేయించిన అదే దీపము ఎక్కువ వెలుగిచ్చును, కప్పు చీకటి తగ్గి కండ్లు చెదరవు.

రెండవది, దీపమును పని దగ్గరకు దింపుడు. షెడ్డు మొత్తమునకు కొద్దిపాటి వెలుగు చాలును. కాటా, గ్రేడింగు బల్ల, తక్‌పట్టీ వ్రాయు చోటు, కుట్టు మిషను, మెట్లు, ఈ అయిదింటికి వేరుగ తక్కువ ఎత్తున మూత గల దీపములు పెట్టవలెను. అవి తలకు తగులకుండ, కంటికి సూటిగా కన్పడకుండ ఉండవలెను. గిడ్డంగిలో దీపపు వరుసలు లాట్ల నెత్తిన గాక నడవల వెంట సాగవలెను. నేలపై లాట్ల గీతలు గీసిన పిదప గాని తీగ లాగరాదు. వరుసకొక మీట ఉన్నచో పని లేని భాగమును ఆర్పవచ్చును.

మూడవది, తుడుచుటకు ఒక తేదీ పెట్టుడు. దుమ్ము చోట్ల మూడు మాసముల కొకమారు మెయిన్ ఆపి, దీపము చల్లారిన పిదప తుడువవలెను. దీపములను కప్పి, తాడుతో దించుకొను ఏర్పాటు ఉన్నచో నిచ్చెనతో పనిలేదు.

క్రొత్త దీపములలో కూడ జాగ్రత్త

ఎల్.ఇ.డి. దీపములు వెంటనే వెలుగును, చలికి మందగింపవు, శీతల గిడ్డంగికి తగినవి. నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి వచ్చినది. ఐనను దీపము మారినంతనే దోషములన్నియు పోవు. ఎత్తుననే, లాటు నెత్తిననే బిగించిన ఎల్.ఇ.డి. కూడ నడవను చీకటిలోనే ఉంచును. దాని చిన్న ముఖమునుండి వచ్చు వెలుగు మరింత కండ్లు చెదరగొట్టవచ్చును గాన మసక పలక గల దానిని ఎన్నుకొనవలెను. చౌక రకములు మిణుకును, వోల్టేజి పెరిగిన కాలిపోవును. ప్రామాణిక ముద్ర, రంగు అంకె, పూచీ కాలము చూచి రసీదుతో కొనుడు.

తీసివేసిన పాత ట్యూబులలో, దీపములలో పాదరసము గలదు. పాదరసపు వాడుకను తగ్గించుటకై 2013లో కుదిరిన మినమాటా ఒడంబడికను మన దేశము 2018లో ధ్రువపరచినది. ఈ దీపములను పగులగొట్టి పెంటకుప్పలో వేయరాదు. ఆ ఎరువు చేనికి, చేను నోటికి చేరును. పగులకుండ అట్టపెట్టెలో ఉంచి ఎలక్ట్రానిక్ వ్యర్థములు తీసికొనువారికి అప్పగింపవలెను.

మీరే పరీక్షించుడు

పరికరము లేకున్నను నాలుగు పరీక్షలు చేయవచ్చును. ఒకటి: కాటా దగ్గర నిలిచి తక్‌పట్టీలోని చిన్న అక్షరములు శ్రమ లేక చదువగలరా? రెండు: బల్లపై అరచేయి చాచిన నల్లని గట్టి నీడ పడుచున్నదా? మూడు: తెల్ల గుడ్డపై పది మేలు కాయలు, పది తాలు కాయలు కలిపి, దీపము క్రింద ఏరి, తెల్లవారిన తరువాత అదే గుడ్డను ఎండలో చూడుడు, ఎన్ని తప్పినవి? నాలుగు: లాట్ల నడుమ నిలిచి ప్రక్క బస్తా గుర్తు చదువుడు. ఇందులో ఏది తప్పినను లోపము మీ కంటిలో లేదు, దీపములో ఉన్నది.

పంచాయతీ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు, మార్కెట్ కమిటీ, సహకార సంఘముల సభ్యులు తమ పరిధిలోని గిడ్డంగిలో ఒక రాత్రి ఈ నాలుగు పరీక్షలను రైతుల యెదుట చేసి, ఫలితమును తీర్మానముల పుస్తకములో వ్రాయించుట మేలు. క్రొత్త షెడ్డు నమూనా వచ్చినపుడు కప్పు ఎత్తుతో పాటు కాటా దగ్గర ఎన్ని లక్సులని అడుగుడు. అంతవరకు, రైతు సోదరులారా, మీ సరకు రంగుపై మాట వచ్చినపుడు ధర ఒప్పుకొనక మునుపు గుప్పెడు కాయలను షెడ్డు వెలుపలకు తెచ్చి తెల్లవారు వెలుగులో చూపుడు.